దారికడ్డంగా నగోయా కారు

చెర్రీ కోతల రోజుల్లో మొగుణ్ణి చూస్తేనే కియోనోకి ఒళ్ళు మండుతుంది. మిగతా ఏడాదంతా యాసుజి మంచివాడే. కోతలప్పుడు ఆ మంచితనమే ఆవిడ ప్రాణం తీస్తుంది.

సకాతా రేవులో చేపలు పట్టేవాళ్ళింట పుట్టి, చెర్రీ తోటల ఊరైన సగాయెకి కోడలిగా వచ్చింది కియోనో. చెర్రీ కోసేటప్పుడు కాడ పట్టుకుని పైకెత్తాలని, లాగితే పండుతో పాటు మరుసటేటి మొగ్గ కూడా ఊడొస్తుందని అత్తగారు తిట్టి తిట్టి నేర్పింది. అత్తగారు పోయాక ఆ తిట్లు కియోనో నోటికెక్కాయి. యాసుజి రోడ్డు పక్కన "కోసుకు తినండి" అని బోర్డు పెట్టాడు. వచ్చినవాళ్ళ వెంట తిరుగుతూ, "లాగొద్దు నాయనా, ఎత్తు" అని గొంతు చించుకోవడం మాత్రం ఈవిడ వంతయింది.

ఆ పొద్దున కోసిన పెట్టెలన్నీ చిన్న ట్రక్కుకెక్కించి రైతుసంఘం గోదాముకి బయల్దేరబోతే, దారికడ్డంగా పెద్ద కారొకటి. ఎక్కడో దూరాన ఉన్న నగోయా నంబరు.

"ఎవరిదయ్యా ఇది?"

"కొత్తగా పెళ్ళయినవాళ్ళు. కార్లో ఊళ్ళు చుట్టబెడుతూ వచ్చారు పాపం. నీడగా ఉందని నేనే పెట్టుకోమన్నాను."

"ఊరంతటికీ నీడ ఇక్కడే ఉందా? పళ్ళు ఎండకి వాడిపోతుంటే గోదామువాళ్ళకి ఏం చెప్పను, మా ఆయన దయాళువనా?"

యాసుజి తల గోక్కున్నాడు.

మీ ఆయనేడని కియోనో అడిగితే, పెళ్ళికూతురు నిచ్చెన మీద నుంచి బుగ్గ నిండా పళ్ళతో తోట చివరికి వేలు చూపించింది. అక్కడ మసనోరి అనే ఆ పెళ్ళికొడుకు చెట్టుకింద వెల్లకిలా పడి గుర్రుపెడుతున్నాడు. కియోనో భుజం కుదిపింది.

"ఇంకో అయిదు నిమిషాలమ్మా."

"నేను మీ అమ్మను కాను. లేచి బండి తియ్యి."

"తాళం బండిలోనే ఉంది పిన్నిగారూ. మీరే తీసెయ్యండి," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ట్రక్కు తోలే మనిషికి కారొక లెక్కా అనుకుంటూ ఎక్కి కూర్చుంది. మీట నొక్కి గేరు వెనక్కి వేసింది. కరెంటు కారు కావడంతో చప్పుడు లేకపోతే, ఇంకా కదల్లేదనుకుంది. కారేమో వెనక్కి జారుతోంది. ఎడమకాలు అలవాటుగా క్లచ్చి కోసం వెతికింది. క్లచ్చి లేదు. కాలికి బ్రేకు దొరికేలోగా వెనక చక్రాలు రెండూ పంటకాలవలో దిగాయి.

పెళ్ళికూతురు నిచ్చెన దిగొచ్చింది. మసనోరి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. పొద్దుటి నుంచి అందర్నీ కడిగేసిన మనిషి ఇప్పుడు నడుము వంచి దణ్ణం పెట్టాల్సొచ్చింది. "తప్పు నాదే" అనేసరికి ఆవిడకి పన్ను పీకించుకున్నట్టయింది.

"తియ్యమన్నది నేనే కదండీ," అన్నాడు అతను. "అయినా మా ఆవిడ కిందటి వారం గోడకి కొట్టింది. ఆ సొట్టలో ఇదీ కలిసిపోతుంది."

"నేనా కొట్టింది?" అంది పెళ్ళికూతురు.

వాళ్ళు పోట్లాడుకుంటుండగానే యాసుజి ట్రాక్టరు తెచ్చి కారు లాగాడు. పెట్టెలు గోదాముకి చేరేసరికి పొద్దుటి సరుకు తీసుకోవడం అయిపోయి తలుపులు మూస్తున్నారు. గుమాస్తాని బతిమాలుకుని దింపేసింది కియోనో.

తిరిగొచ్చేసరికి యాసుజి వాళ్ళిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాడు. రాత్రికి ఉండిపోమన్నాడట కూడా.

"దుప్పట్లు ఎవరు ఉతుకుతారయ్యా?" అంది కియోనో. జవాబు కోసం ఆగకుండా, వాళ్ళకి ఇంకో రెండు దోసకాయలు తరగడానికి లోపలికి వెళ్ళింది.