గుర్రం మీద వేలు

ఆ రోజు నేను ఆర్బిటర్‌ను పిలవకుండా ఉండాల్సింది.

నిజామాబాద్‌లో చదరంగం టోర్నమెంటు. ఎదురుగా కూర్చున్నది నాకు ఆట నేర్పిన కాక. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మా బాపుతో కలిసి పనిచేసినవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎడపల్లిలో ఉంటున్నాడు. క్యాంటీన్ బల్ల మీద అందరినీ ఓడించిన మనిషి టోర్నమెంటులో మాత్రం ఒక్క ఆటా గెలవలేదు.

"ఏందిరా, నల్లయి వచ్చినయా? పొద్దుగాలనే నీ మొహంల చీకటి పడ్డది," అన్నాడు పావులు సర్దుకుంటూ. "ఇయ్యాల ఒక్కటన్న గెలుస్త సూడు. గెలిస్తే ఇగ సచ్చినా రంది లేదు."

మంత్రి ముందరి బంటును రెండు గళ్లు జరిపాడు. మధ్యాహ్నానికి నా రాజు చుట్టూ బంట్లే మిగల్లేదు. ఇంకో రెండు ఎత్తుల్లో నాకు ఆటకట్టు. ఆటలు ముగించుకున్నవాళ్లు నా వెనుక గుమిగూడారు. వాళ్ల ముందు ముసలాయన చేతిలో ఓడిపోవడం నాకు నామోషీ అనిపించింది.

పావు మీద వేలు ఆనించి ఆలోచించడం క్యాంటీన్ అలవాటు. నాకూ అలాగే నేర్పాడు. కాక గుర్రం మీద వేలు పెట్టి, "ఇది పోతే గది వస్తది..." అని గొణిగి, తల అడ్డంగా ఊపి వేలు తీసేశాడు. ఆ గుర్రం కదిలితే దాని వెనుకున్న మంత్రి నా ఏనుగుకు దొరుకుతుంది. ముట్టిన పావునే కదపాలన్నది టోర్నమెంటు నియమం. చెయ్యెత్తాను.

ఆటలకు తీర్పు చెప్పే ఆర్బిటర్ వచ్చి, "ముట్టుకున్నారా?" అని అడిగాడు.

"ముట్టిన సార్," అన్నాడు కాక, నా మొహంలోకి చూస్తూ.

గుర్రం కదిలింది. నేను మంత్రిని తీసుకున్నాను. కాసేపటికి నల్లవి గెలిచాయి.

"మంచిగ ఆడినవ్ బిడ్డా," అని చేయి కలిపాడు. బోధన్ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నా పక్కన కూర్చోలేదు.

ఆయన ఆట మానేశాడని విని ఎడపల్లి వెళ్లాను. "తప్పు జేసిన కాకా. నీ అలవాటు ఎరికుండి పిలిసిన," అన్నాను.

"రూలు రూలే గదరా. నా చెయ్యే మంచిది గాదు."

చాలాసేపు బతిమాలితే బోర్డు ముందు కూర్చున్నాడు. కానీ చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. ఎత్తు నోటితో చెప్పాడు, పావు నేను జరిపాను.

అప్పటి నుంచి ఆదివారాలు వెళుతున్నాను. చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. నా వంతు వచ్చినప్పుడల్లా పావు మీద వేలు ఆనించి, ఆయనకు వినబడేలా గొణుక్కుంటూ ఆలోచిస్తాను.