పెరుగు ముందొచ్చిన విందు

మట్టి బేఖాలాల్ మాట వినేది. భక్తపూర్ కుమ్మరివాడలో ఆయన చేసిన పెరుగు ముంతలు ఎండలో ఆరుతుంటే, వీధంతా గుండ్రటి నీడలు మొలిచేవి. ఆయన నోరు మాత్రం ఎవరి మాటా వినేది కాదు.

మా గుఠీలోని, అంటే మా కుల సంఘంలోని ఇళ్లన్నీ ఏటా ఒకరింట కలిసి తింటాయి. నిరుడు పక్కింటి సూర్యమాన్ వంతు. ఆకులో ఎముక తగలగానే బేఖాలాల్ అందరికీ వినపడేలా అడిగాడు.

"అన్నా, గేదెను నువ్వు తినేసి బొమికలు మాకు పెట్టావా?"

వాకిలంతా నవ్వింది. సూర్యమాన్ తల వంచుకున్నాడు.

ఈ ఏడు వంతు బేఖాలాల్‌ది.

గడ్డి చాపల మీద వయసు ప్రకారం కూర్చున్నారు. వరస మొదట్లో పెద్దాయన పూర్ణధన్. ఆయన లేచేవరకూ ఎవరూ లేవరు, ఆయన లేచాక ఎవరూ కూర్చోరు. ఆకుల్లో అటుకులు తెల్లగా రాలాయి.

"తమ్ముడూ, పళ్లకు పదును పెట్టుకుని వచ్చాం," అన్నాడు సూర్యమాన్.

"పళ్లు ఇంట్లో పెట్టి రావాల్సిందన్నా. మాంసం వెన్నలా ఉడికింది."

గరిటె భార్య కేసరికి ఇవ్వలేదు, తనే పట్టుకున్నాడు. పెద్దల వరసలో ఒక్కొక్కరి ఆకులో గుట్టగా వడ్డించాడు. "చాల్లేరా" అని చేతులు అడ్డం పెడితే వేళ్ల మీదే పోశాడు. మెంతుల వాసనతో ఆవిరి లేచి చెక్క కిటికీల నగిషీల్లో చిక్కుకుంది. ఆ పొగలో బేఖాలాల్ ముఖం దీపంలా వెలిగింది.

రెండో వరస చివర, చాప అంచున, ఆయన మేనత్త చిరిమయ కూర్చుంది. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆమే. పొద్దుటినుంచీ గిన్నెలు తోమి, అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. మాంసం వస్తే కలుపుకుందామని అటుకులు ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆమె పక్కవాళ్ల ఆకులో వడ్డించేసరికి గరిటె గిన్నె అడుగుకు తగిలింది.

"ఏమయ్యా, అయిపోయింది," కేసరి చెవిలో అంది. "అత్తయ్య ఒక్కతే మిగిలింది. పక్కింట్లో సూర్యమాన్ బావగారు వాళ్లు వండినట్టున్నారు, ఒక్క గిన్నె అడిగి తెస్తాను."

"వాళ్లింట్లోనా?" బేఖాలాల్ సూర్యమాన్ వైపు చూశాడు. "వద్దు. పెరుగు పట్టుకురా."

కేసరి కదల్లేదు. మా విందులో పెరుగు పడిందంటే మాంసం ఇక రాదు.

"తెమ్మంటుంటే!"

ముంతలు పెద్దల వరసలోకి వెళ్లాయి. మీగడ పసుపుపచ్చగా, తొణక్కుండా ఉంది. పెరుగు రెండో వరసకు చేరకముందే పూర్ణధన్ వేళ్లు నాకి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. వాకిలంతా లేచింది. చిరిమయ కూడా లేచింది, ఎవరికీ కనపడకుండా ఆకు మడుచుకుని.

"బాగా తిన్నావా చిరీ?" పెద్దాయన అడిగాడు.

"తిన్నానన్నయ్యా. చిగుళ్లతోనే నమిలేశా, అంత మెత్తగా ఉంది."

"విన్నావా సూర్యమాన్? విందంటే ఇదీ!"

"ఒప్పుకున్నానయ్యా," అన్నాడు సూర్యమాన్, మనస్ఫూర్తిగానే.

బేఖాలాల్‌లో, తడి ఆరని కుండను కాల్చే ఆవంలో పెట్టినట్టు, లోపలెక్కడో ఏదో చిట్లింది. నీళ్ల చెంబు అందుకున్నాడు.

ఇక వాకిట్లో నిలబడి అందరి చేతుల మీదా నీళ్లు పోయాలి, అది విందిచ్చినవాడి పని. ఒక్కొక్కరే వంగారు. ఎర్రటి నూనె, పసుపు, పెరుగు, ఇటుకల మీదుగా పాయలుగా పారాయి. తర్వాత చిరిమయ వంగింది.

ఆమె చేతుల మీంచి జారిన నీళ్లు వానచినుకుల్లా స్వచ్ఛంగా పడ్డాయి. వెనక సూర్యమాన్ నిలబడి ఉన్నాడు.

"అత్తా..."

"పొయ్యరా, వెనక జనం ఉన్నారు," అంది. గొంతు పెంచింది. "ఎంత నూనె పోశావురా! జిడ్డు వదలడం లేదు."

ఏ మచ్చా లేని వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూనే ఉంది. అవి ఆగేదాకా బేఖాలాల్ తలెత్తకుండా నీళ్లు పోస్తూనే ఉన్నాడు.