అరచెయ్యి కాదు

బిలాస్‌పూర్ వెయిటింగ్ రూములో కూర్చుని, కొనాలనుకుంటున్న రెండు ల్యాప్‌టాప్‌లను నెట్‌లో పదోసారి పోల్చి చూస్తున్నాను. నా బడ్జెట్‌లో ఎక్కువ పవరున్న ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పలచటి మోడల్‌లో వస్తుంది, ఆరు కోర్లది లావుపాటి దాంట్లో. నేను ఆడేది రోజూ ఒక గంట, ఆన్‌లైన్లో అమ్మాయితో కార్ల రేసే. హాస్టల్లో ఉన్న తను నాతో మాట్లాడేది ఆ గంటలోనే. నా పాతది మధ్యలో ఆగిపోతే విసుక్కుని వెళ్ళిపోతుంది.

“ఏటి బాబూ, అంత గాభరా?” అన్నాడు పక్కనున్న పెద్దాయన. రైల్వేలో రిటైరయ్యాడట. సంగతి చెప్పాను. ఆయన చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపును నా ఒళ్ళోని పాత ల్యాప్‌టాప్ అడుగున ఆనించాడు.

“బండి ఆగితే చక్రాల బేరింగుల వేడి ఇలాగే సూసీవోళ్ళం. అరచెయ్యి కాలితే డూటీ ఎలా సేస్తాం? వేడెక్కితే ఎంత పవరున్నదైనా లాగదు బాబూ. గాలాడేది కొనుక్కో.”

ఆయన బండి ముందొచ్చింది. పేరైనా అడగలేదు.

తర్వాత బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో గాలాడే లావుపాటిదే కొన్నాను. అయినా మనసాగక, ఆట మధ్యలో చెయ్యి తిప్పి దాని అడుగున పెడుతూనే ఉంటాను.

“మళ్ళీ చెయ్యి పెట్టావు కదా నాన్నా! కారు గోడకి గుద్దేశావు,” అంటుంది అమ్మాయి. “రా, నీ కోసం ఆగాన్లే.”