నీలి వెలుగులో నూట పది

ఆ రోజుల్లో ఉన్న వస్తువేదీ ఉన్నట్టుగా నాకు నచ్చేది కాదు. (మరీ పాతకాలం కాదు లెండి, ఫోన్లో వీడియో చూసి దేన్నైనా విప్పేయొచ్చన్న ధైర్యం ఇంటింటికీ వచ్చిన కాలమే.) గోదావరి జిల్లా నుంచి వచ్చి విశాఖ పోర్టులో కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు జీవితంలో ఒకటే లోటు, నా బండి స్పీడోమీటర్లో వెలిగే పసుపు దీపం. కామెర్ల కన్నులా ఉండేది. పైగా పెళ్లికూతురి నాన్నగారు నన్ను చూడ్డానికి వస్తున్నారు. ఆ దీపం నీలంగా మారి తీరాలి!

కంచరపాలెంలో మా పక్కవాటా మిత్రుణ్ణి అందరూ టెస్టర్ బావ అనేవారు. జేబులో టెస్టర్ లేకుండా పెళ్లిభోజనానికి కూడా వెళ్లడు. "దీనికేటి బావా, నాను మార్సీత్తాను. నువ్వలా సూత్తుండు," అంటూ మీటరు విప్పాడు, ముల్లు పీకాడు, నీలం బల్బు పెట్టి ముల్లుని మళ్లీ సున్నా దగ్గర గుచ్చాడు. స్టాండు వేసిన బండి మీద కూర్చుని తాళం తిప్పితే మీటరంతా సముద్రం! నడిపి చూడాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

మర్నాడు వెలుగు రాకముందే మావయ్యగారు రైలు దిగారు. ముందు సింహాచలం దర్శనం, ఆ తర్వాతే మాటలన్నారు. (అప్పటికి ఇంకా మావయ్య కాదు, వరసకు అలా పిలిచేవాణ్ణి.) ఎక్కించుకుని బయల్దేరాను. కాసేపటికి నా భుజం మీద ఆయన వేళ్లు దిగబడ్డాయి.

"బాబూ... నూట పదాండీ?"

కిందికి చూశాను. నీలి వెలుగులో ముల్లు నూట పది మీద నిగనిగలాడుతోంది! చెయ్యి వదులు చేస్తే తొంభైకి దిగింది. అంతలో చేపల బుట్ట కట్టుకున్న స్కూటరొకటి మమ్మల్ని దాటిపోయింది. దాని వెనకే ఆటో. ఆ వెనకే, పాలక్యాన్లతో ఒక పెద్దాయన సైకిలు!

"తొంభైలో పోతుంటే సైకిలాయన దాటేశాడేంటండీ! ఆపండి బాబూ, ఆపేయండి!"

ఆపాను. ఆయన దిగి రోడ్డు పక్క అరుగు మీద కూలబడ్డారు. "మీది తప్పు కాదండి. ఈ ఊరే ఇలాంటిదని తెలీక వచ్చాను. మా అమ్మాయినిక్కడికి ఎలా పంపుతానండీ?"

పెళ్లి చెడిపోతోందన్న భయంలో, ముల్లు పీకి గుచ్చినప్పటి నుంచే మీటరు తప్పు చూపిస్తోందని జరిగిందంతా గడగడా చెప్పేశాను, టెస్టర్ బావతో సహా. ఆయన నన్నూ, మీటరునీ మార్చి మార్చి చూశారు. "రంగు కోసమాండీ?" అన్నారు. వచ్చిన సిటీబస్సు ఎక్కేశారు.

నాలుగో రోజున నాన్న ఫోన్ చేశాడు. "ఒప్పుకున్నార్రా! కుర్రాడు అబద్ధమాడే రకం కాదట. ఇంట్లో వస్తువులేవీ విప్పకుండా చూసుకునే పూచీ మాత్రం వాళ్లమ్మాయిదట."

ఆ పూచీ ఆమె నిక్కచ్చిగా నెరవేరుస్తోంది. మిక్సీ మూత బిగుసుకున్నా నన్ను పిలవదు. మావయ్యగారు ఇప్పుడు మా ఇంటికొస్తే స్టేషన్ నుంచి బస్సులోనే వస్తారు. ఆయన సంచీ నా బండి ట్యాంకు మీద పెట్టుకుని, ఆ బస్సు వెనకాలే నెమ్మదిగా నేనొస్తాను. కిటికీలోంచి తల బయటపెట్టి, "మెల్లగా రండి బాబూ!" అని చెయ్యి ఊపుతారు. నేనూ ఊపుతాను.