క్లచ్ మాస్టారూ, వంకర గీతల బటనూ

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఊరందరికీ కారు నడపడం నేర్పుతున్నాడు. అందరూ ఆయన్ని క్లచ్ మాస్టారు అంటారు. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద తన కోసం బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "క్లచ్! క్లచ్!" అని ఆయన అరిచే అరుపుకి వీధికుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. ఈ అలవాటు ఇంట్లోనూ పోలేదు. భార్య మాటల జోరు పెంచితే, కుర్చీలో కూర్చున్న మాస్టారి కాలు తనంతట తానే నేలను తొక్కేది.

"ఎంత తొక్కినా నేను ఆగను," అనేది ఆవిడ.

పాత కారు మూలనపడ్డాక మాస్టారు కొత్తది కొన్నాడు. అందులో స్టీరింగు పక్కన ఒక బటను ఉంది. దాని మీద చిన్న కారు బొమ్మ, దాని వెనక రెండు వంకర గీతలు.

"ఇది ట్రాక్షన్ కంట్రోల్ సార్. చక్రాలు జారకుండా చూసుకుంటుంది," అంది షోరూం అమ్మాయి.

"చక్రాల సంగతి చూసుకోడానికి నేనున్నాగా," అన్నాడు మాస్టారు.

ఆ రోజు నుంచి బండి స్టార్టు చేయగానే ఆయన మొదటి పని ఆ బటను నొక్కి దాని నోరు మూయించడం. ఆపి మళ్లీ స్టార్టు చేస్తే అది తనంతట తానే పనిలోకి దిగేది. దాంతో ఆయనకి పంతం ఇంకా పెరిగింది.

సరిగ్గా అప్పుడే భార్య అక్కగారు కారు నేర్చుకుంటానని వచ్చింది. ఆస్పత్రిలో ముప్పై ఐదేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. బస్సు కోసం నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయని, అరవై ఒకటో ఏట స్టీరింగు పట్టాలని నిర్ణయించుకుంది. రాగానే ముందు కారుతో వచ్చిన పుస్తకం అడిగింది.

"నాలుగు వందల పేజీలు వదినగారూ. దాన్నెవరూ చదవరు."

"కేసు కాగితం చూడకుండా సూది పొడిచే నర్సు దగ్గరికి మీరు వెళ్తారా మరిదిగారూ?"

మాస్టారు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఆవిడ మూడు రోజుల్లో అట్ట నుంచి అట్ట దాకా చదివేసింది. మొదటి పాఠం రోజునే మొదలుపెట్టింది. "మరిదిగారూ, మీరు ఆపేసిన ఆ బటను..."

"క్లచ్!" అని అరిచాడు మాస్టారు.

రెండు వారాల తర్వాత ఓ పొద్దున జల్లు పడింది. బజారు వీధి ఎత్తులో, ఒక తోపుడుబండి వెనక కారు ఆగింది. తోపుడుబండి కదిలాక వదినగారు కాస్త గట్టిగా ఏక్సిలేటరు తొక్కింది. ముందు చక్రం కీచుమంటూ ఉన్నచోటే గిర్రున తిరిగింది. కారు ముక్కు పక్కకి జారింది. మాస్టారు బ్రేకు తొక్కేలోపే ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ముందున్న బక్కెట్ల దొంతరకి తగిలింది. బక్కెట్లు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వీధి దిగిపోయాయి. వాటి వెనక దుకాణదారు పరిగెత్తాడు.

"మీరా మాస్టారూ!" అన్నాడు తిరిగొస్తూ, చేతిలో మూడు బక్కెట్లతో. తలెత్తుకోలేకపోయాడు మాస్టారు.

వదినగారు ఇంజను ఆపి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇప్పుడైనా నన్ను చెప్పనిస్తారా?"

మాస్టారు తలూపాడు.

"ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో బండి కనిపెడుతూ ఉంటుంది. ఒకటి మిగతా వాటికంటే తెగ తిరిగేస్తోందంటే దానికి నేల మీద పట్టు తప్పినట్టు. అప్పుడు ఆ ఒక్క చక్రానికే కాస్త బ్రేకు వేస్తుంది, ఇంజను జోరు తగ్గిస్తుంది. వానలో దీన్ని ఆపకూడదు."

ఈసారి ఆవిడ బటను జోలికి పోకుండా స్టార్టు చేసి, మెల్లగా ఏక్సిలేటరు తొక్కింది. స్టీరింగు వెనక డ్యాష్‌బోర్డు మీద, అదే వంకర గీతల బొమ్మ ఉన్న చిన్న దీపం రెండుసార్లు మిణుకుమంది. కారు కొద్దిగా తడబడి, నిలదొక్కుకుని, ఎత్తు ఎక్కేసింది.

"మిణుకుమంటే పనిచేస్తోందని," అంది వదినగారు. "వెలిగి అలాగే ఉండిపోతే, మీలాంటి వాళ్లెవరో ఆపేశారని. ఆపకుండానే వెలుగుతుంటే మెకానిక్కుకి చూపించాలి."

మర్నాటి నుంచి మాస్టారు పూర్తిగా మారిపోయాడు. మారితే సగంలో ఆగే తత్వం కాదు ఆయనది. బటను మీద మూడు పొరల టేపు అంటించాడు. విద్యార్థులకి, టీ కొట్టులో వాళ్లకి, గడ్డం గీస్తున్న మంగలికి కూడా ట్రాక్షన్ కంట్రోల్ గొప్పతనం వివరించాడు.

"మొన్నటిదాకా దాన్ని సవతిలా చూశారు. ఇప్పుడు కొత్తకోడల్ని చూసినట్టు చూస్తున్నారు," అంది భార్య.

వదినగారి లైసెన్సు పరీక్ష నాటికి మైదానం బురదయింది. తెల్లచొక్కా ఇన్‌స్పెక్టరు ఒక పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఎనిమిది అంకె చక్కగా తిప్పింది. చివరి మలుపులో మాత్రం ముందు చక్రాలు బురదలో దిగబడ్డాయి. ఏక్సిలేటరు తొక్కితే ఇంజను మూలుగుతోంది, దీపం టపటపా కొట్టుకుంటోంది, బండి మాత్రం అంగుళం కదలడం లేదు. ఆవిడ చెయ్యి టేపు వైపు వెళ్లడం చూసి మాస్టారు పరిగెత్తుకొచ్చి కిటికీలో తల పెట్టాడు.

"వద్దు వదినగారూ! దాన్ని ముట్టుకోకండి!"

"పేజీ నూట పన్నెండు మరిదిగారూ. బురదలో, ఇసుకలో ఇరుక్కుంటే కాసేపు ఆపమని ఉంది. చక్రం కొంచెం తిరిగితేనే కదా కింద గట్టినేల అందేది! ఇది తిరగనివ్వట్లేదు."

"టేపు గట్టిగా అంటించాను!"

"మెల్లగా పీకితేనే నొప్పి," అని ఆవిడ మూడు పొరలూ ఒక్క లాగుతో ఊడదీసింది.

మాస్టారు వెనక్కి వెళ్లి కారు నెట్టాడు. పక్క నుంచి ఇన్‌స్పెక్టరు కూడా ఓ చెయ్యి వేశాడు. వదినగారు బటను నొక్కి, కాస్త ముందుకి, కాస్త వెనక్కి ఊపింది. చక్రాలు బురద చిమ్ముతూ తిరిగి, పట్టు దొరకగానే కారు ఒక్క ఉదుటున బయటపడింది. గట్టినేల మీదికి రాగానే ఆవిడ బటను మళ్లీ నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ ఆన్ చేసింది.

ఇన్‌స్పెక్టరు చొక్కా మీద బురద చుక్కలు తుడుచుకుంటూ అడిగాడు, "ఈవిడకి నేర్పిందెవరు?"

నెత్తి నుంచి కాళ్ల దాకా బురదతో ఉన్న మాస్టారు వదినగారి వైపు చెయ్యి చూపించాడు. "స్టీరింగు నేను సార్. మిగతాది ఆవిడే నేర్చుకుంది. నాకూ నేర్పుతోంది."

ఇన్‌స్పెక్టరు నవ్వి సంతకం పెట్టాడు.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇప్పుడు ఆదివారాలు డ్రైవింగ్ స్కూలు ముందు గదిలో వదినగారు పుస్తకం పాఠం చెబుతుంది. మాస్టారు చివరి బెంచీలో నోటుపుస్తకంతో కూర్చుంటాడు. మొన్న చెయ్యెత్తి అడిగాడు, "వదినగారూ, ఇదుంటే టైర్లు కాస్త అరిగినా ఫర్వాలేదు కదా?"

"నున్నగా అరిగిన చెప్పులేసుకుని తడి బండ మీద నడిచేవాళ్లకి, పక్కన ఎవరు చెయ్యి పట్టుకుంటే మాత్రం ఏం లాభం? పట్టు ఉండాల్సింది టైరులో మరిదిగారూ. లేని పట్టుని ఇది ఎక్కణ్ణుంచి తెస్తుంది?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు నోటుపుస్తకం మూసి, లేచి వెళ్లి, కారు చుట్టూ తిరిగి నాలుగు టైర్లనీ వేలితో తడిమి చూశాడు. మధ్యాహ్నానికల్లా ముందువి రెండూ మార్పించుకొచ్చాడు.