గాలి గన్నుకు బొట్టు

మా ఆయనకు మోటార్ సైకిల్ మీద ఉన్న ప్రేమలో సగం నా మీద ఉండి ఉంటే నేను ఎప్పుడో మహారాణినయ్యేదాన్ని. ఆ బండి మూడు చేతులు మారి మా ఇంటికి వచ్చింది. ఆయన దాన్ని నడిపిన దానికంటే విప్పింది ఎక్కువ. ఆదివారం వస్తే కామాటిపుర గల్లీలో గదికో కాపురం ఉండే మా చాల్ ముందు గోనెపట్టా పరిచి, బండిని ముక్కలు ముక్కలు చేసి, పొద్దుగూకేలోగా మళ్లీ అతికించేవాడు. అతికించాక ప్రతిసారీ రెండు స్క్రూలు మిగిలేవి. అవి అవసరం లేనివని నాకు నచ్చజెప్పేవాడు.

అంతవరకు భరించాను. ఎనభైల్లో, మా పెళ్లయిన నాలుగో ఏడు, పాత సామాన్లు అమ్మే చోర్ బజార్ నుంచి చేతిబండి మీద గాలి మిషన్ తెచ్చాడు. కార్లకు రంగు కొట్టేవాళ్లు వాడి వాడి వదిలేసిన కంప్రెసర్ అది. అడ్డంగా పడుకోబెట్టిన సిలిండర్ లాంటి ట్యాంకు, దాని వీపు మీద మోటారు, చిరిగిన బెల్టు. దాంతోపాటు ఓ సంచీ సామాను. మీట నొక్కితే గాలి చిమ్మే గన్ను, నట్లు విప్పే గాలి పానా, ఇంకా ఏవేవో మూతులు. షోరూముల్లో కూడా ఇలాంటిది లేదని చెప్పాడు. ఉన్న ఒక్క గదిలో ముగ్గురం, నేనూ ఆయనా మా అత్తా, కాళ్లు ముడుచుకుని పడుకుంటున్నాం, నాలుగోదాన్ని ఎక్కడ పడుకోబెడతావని అడిగాను. గది ముందు వసారాలా ఉండే గ్యాలరీలో పెట్టాడు.

మేముండేది రెండో అంతస్తు. మిషన్ పైన, బండి కింద గల్లీలో. అందుకని ఒక పొడుగాటి రబ్బరు పైపు మా గ్యాలరీ కటకటాల మీంచి, కింది అంతస్తు వాళ్ల చీరలు ఆరేసిన తాడు పక్కగా, గల్లీలోకి వేలాడేది. ఆయన కింద నిలబడి ఒక ఈల వేస్తే నేను స్విచ్చి వేయాలి. రెండు ఈలలు వేస్తే ఆపాలి. ఊళ్లో ఆడపిల్లల్ని చూసి ఈల వేసేవాళ్లను తంతారు, నేనేమో కట్టుకున్నవాడి ఈలకు పరుగెత్తేదాన్ని. టీచరు ఉద్యోగానికి చదువుకుంటున్న రోజులవి. ఒక చేతిలో పుస్తకం, రెండో చేయి స్విచ్చి మీద.

మోటారు మొదలైతే మా అంతస్తులో బల్బులన్నీ ఎర్రబడేవి. ఒక్కోసారి ఫ్యూజు పోయేది. ఇరుగుపొరుగు మొదట్లో తిట్టారు. తరువాత వాళ్లే దుమ్ముపట్టిన టేబుల్ ఫ్యాన్లూ కుట్టుమిషన్లూ పట్టుకుని వరసలో నిలబడ్డారు. మా అత్త ఒకసారి గన్ను పైకి తెప్పించి దేవుడి పటాల దుమ్ము దులపబోయింది. దుమ్ముతోపాటు కాగితం దండలన్నీ లేచి గల్లీలో పడ్డాయి. దేవుళ్లు మాత్రం మేకుల పుణ్యాన నిలిచారు.

ఇక గాలి పానా. మొదటిసారి దాంతో ఒక నట్టు బిగించాడు. డడడడ అని ఒక్క అరుపు, బోల్టు మెడ విరిగి చేతిలో పడింది. చేత్తో బిగిస్తే ఎక్కడ ఆగాలో మణికట్టుకు తెలుస్తుంది, ఆ పానాకు ఏం తెలుసు? విరిగిన ముక్కను బయటికి లాగడానికి రెండు ఆదివారాలు పట్టింది. అప్పటినుంచి దాన్ని విప్పడానికే వాడాడు, బిగింపు మాత్రం చేతిపానాతోనే. ఒక్క విషయంలో నేనూ నోరెళ్లబెట్టానని ఒప్పుకోవాలి. హ్యాండిల్ రబ్బరు పిడి ఎంత పీకినా రాదు కదా. దాని అంచు కింద గన్ను మూతి దూర్చి గాలి కొడితే, పిడి ఉబ్బి, దానంతట అదే జారి బయటికి వచ్చేది. ఈ విద్యను గల్లీ మొత్తానికి చూపించాడు. పిడిని పెట్టడం, తీయడం, పెట్టడం, తీయడం. బండి నడిపేది ఎప్పుడని ఎవరూ అడగలేదు.

ఆ మిషన్‌ను మా ఇంట్లో మనస్ఫూర్తిగా గౌరవించింది మా అత్త ఒక్కతే. ఆమె పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టేచోట సిమెంటు మాలు తట్టలు మోసిన మనిషి. వెదురు నిచ్చెనల మీద ఏడేసి అంతస్తులు ఎక్కింది. పనిచేసే వస్తువు ఏదైనా ఆమెకు దేవుడితో సమానం. పోయిన మామ తాపీ, తూకం గుండు, తను మోసిన ఇనుపతట్ట, అన్నీ మంచం కింద భద్రంగా ఉండేవి. దసరా రోజు అవన్నీ బయటికి వచ్చేవి. కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, పటాల కింద వరసగా పేర్చేది. ఒకసారి బొట్టు పెట్టాక మర్నాటి పొద్దుదాకా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. మనిషికి లేకపోయినా పనిముట్టుకు ఏడాదికి ఒకరోజు సెలవు ఉండాలనేది ఆమె చట్టం.

ఆ ఏడు నాకు ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. తెలుగు మీడియం బళ్లో టీచరు ఉద్యోగం. దసరా మర్నాడే, దాదర్‌లో, పది గంటలకు. అంతకుముందు రెండు అవకాశాలు పోగొట్టుకున్నాను. మొదటిసారి ఉత్తరం తేదీ దాటాక చేరింది. రెండోసారి వెళ్లాను గానీ, ముగ్గురు పెద్దమనుషుల ముందు గొంతు పెగల్లేదు. పేరు అడిగితే చెప్పడానికి కూడా తడబడ్డాను. మూడోది ఆఖరుది, ఎందుకంటే వచ్చే ఏటికి నా వయసు హద్దు దాటిపోతుంది. ఆ తరువాత జీవితమంతా ఈలలకు స్విచ్చి వేస్తూ కూర్చోవడమే.

బస్సులో వెళ్తానన్నాను. తల్లీకొడుకులు ఒక్కటయ్యారు. ఇంట్లో మోటార్ సైకిల్ పెట్టుకుని కోడలు బస్సులో నలగడమేంటని అత్త. నిన్ను పువ్వులా దింపుతానని ఆయన. దింపేవాడు ఊరుకోవచ్చుగా, బండిని కొత్తదానిలా చేస్తానని దసరాకు ముందురోజు కార్బురేటర్ విప్పాడు. విప్పినవి ఒక స్టీలు కంచంలో పెట్రోలు పోసి నానబెట్టాడు. తెల్లారేసరికి దసరా. అత్త పొద్దున్నే లేచి పానాలు, గన్ను, పైపుతో సహా అన్నీ పట్టుకుపోయి కడిగింది. మా ఆయన బతిమాలాడు, అలిగాడు. లాభం లేకపోయింది. కార్బురేటర్ ముక్కలు మాత్రం కంచంలో నన్ను వెక్కిరిస్తూ ఉన్నాయి.

పూజలో అన్ని పనిముట్లకూ ఒక్కో బొట్టు పెట్టింది. గన్ను దగ్గరికి వచ్చేసరికి ఆగింది. పసుపూ కుంకుమా నీళ్లతో ముద్దగా కలిపి, గన్ను మూతికి పట్టించి, బొటనవేలితో లోపలికి అదిమింది. పైన రెండు అక్షింతలు.

“రేపు నీ బండిని సాఫ్ జేసేది గిదే గదా బిడ్డా,” అంది నాతో. “దీనికి జర ఎక్కువ పెట్టాలె.”

నేను చూస్తూ నిలబడ్డాను. నా తలనిండా నదులూ ఉపనదులూ తిరుగుతున్నాయి, నమూనా పాఠానికి అవే సిద్ధం చేసుకున్నాను. కళ్లముందు జరుగుతున్నది కళ్లకే కనిపించింది, బుర్రకు అందలేదు. తరువాత ఎవరినైనా తిట్టాలంటే నన్ను నేను కూడా కలుపుకోవాల్సి వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే ఆయన దండం పెట్టి గన్ను తీసుకున్నాడు. పైపైన గుడ్డతో తుడిచాడు. ఈల. స్విచ్చి. కార్బురేటర్ బొక్కల్లో ఒక్కొక్కదానిలో గాలి కొడుతుంటే మొదటి దెబ్బకే ఫట్‌మని శబ్దం నాకు పైదాకా వినిపించింది. ఏళ్లనాటి మురికి వదిలిందని కిందినుంచి సంబరంగా చెప్పాడు. గంటలో అంతా బిగించాడు. స్క్రూలు మిగలలేదు. బండి ఒక్క కిక్కుకే అందుకుంది. అప్పుడే అనుమానించాల్సింది.

బైకుల్లా స్టేషను దాటాం. లాల్‌బాగ్‌లో బండి రెండుసార్లు దగ్గి, మూడోసారి ప్రాణం వదిలింది. తొమ్మిదీ పావు. ఆయన తన్నాడు, మళ్లీ తన్నాడు, చొక్కా తడిసేదాకా తన్నాడు. నిండుగా ఉన్న రెండు బస్సులు ఆగకుండా పోయాయి. దాదర్ అనగానే ఒక టాక్సీవాడు అంత దగ్గరికి రానని తల తిప్పేశాడు. చివరికి ఫుట్‌పాత్ మీద కూర్చుని కార్బురేటర్ కింది గిన్నె విప్పాడు. అడుగున ఎర్రగా పచ్చగా ముద్ద. మధ్యలో ఒక అక్షింత.

ఇద్దరం దాన్ని చూశాం. జెట్టు అని ఒక ఇత్తడి మరమేకు ఉంటుంది, దాని మధ్య వెంట్రుకంత బొక్క. పెట్రోలు ఇంజనుకు వెళ్లేది దాంట్లోంచే. అది పూర్తిగా మూసుకుపోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లగానే మీ అమ్మను కడిగేస్తానన్నాను. ఆయన జెట్టును వెలుతురుకు పట్టి చూస్తూ, ఇంటికెళ్లి గాలి కొడితే రెండు నిమిషాల్లో పోతుందన్నాడు. మిషన్ లేకపోతే ఈ మనిషి ఊపిరి కూడా పీల్చలేడేమో అనిపించింది.

సరిగ్గా అప్పుడు పక్కనే ఉన్న టీ బండి మీద పంపు స్టవ్వు మంట తగ్గి గుర్‌గుర్‌మంది. టీవాడు అలవాటుగా పిన్ను తీసి బర్నరు బొక్కలో పొడిచాడు. మంట మళ్లీ నీలంగా లేచింది. నేను లేచి వెళ్లి మరాఠీలో ఆ పిన్ను అడిగాను. ఎనిమిదేళ్ల వయసు నుంచి స్టవ్వు కొట్టినదాన్ని. ట్యాంకులో గాలి నింపడం, బొక్క మూసుకుపోతే పొడవడం, ఇవి నాకు ఏ చోర్ బజారూ నేర్పలేదు.

“జెట్ల తీగ పెట్టొద్దు,” అన్నాడు మా ఆయన, ప్రాణం పోతున్నట్టు. “బొక్క పెద్దగైతది. పెట్రోల్ ఎక్కువ తాగుతది.”

“తాగనీ,” అన్నాను.

పొడిచాను. నోట్లో పెట్టుకుని, బుగ్గలు నొప్పెట్టేలా ఊదాను. పెట్రోలు రుచి నాలిక్కి అంటింది. మూడోసారి ఊదితే కుంకుమ రవ్వ ఒకటి నా కొత్త చీర మీద పడింది. జెట్టులోంచి ఆకాశం కనిపించింది. గిన్నె కడిగి, బిగించి, బయల్దేరాం.

పదీ పదికి చేరాను. నా పేరు అప్పుడే పిలుస్తున్నారు. ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఉన్నాయన చిరునామా చదివి, కామాటిపురా అని సాగదీసి పక్కవాళ్ల వంక చూశాడు. ఆ పేరు వింటే ఊరికి గుర్తొచ్చేవి ఎర్రదీపాల వీధులే, ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మామూలుగా అయితే తల దించుకునేదాన్ని. ఆరోజు నోట్లో ఇంకా పెట్రోలు మండుతోంది. అవునండీ, ఈ ఊరికి ఇళ్లు కట్టినవాళ్ల పేట, మా అత్తా అందులో ఒకతె అన్నాను. పక్కనున్న పెద్దావిడ నా నల్లటి చేతుల్ని చూసి ఏమైందని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వి, నదులు వద్దు, ఇదే నాలుగో తరగతికి పాఠంగా చెప్పమంది.

చెప్పాను. స్టవ్వు బొమ్మ గీశాను. పంపు కొడితే లోపల గాలి ఇరుకునపడి కిరసనాయిల్ను ఎలా పైకి తోస్తుందో, బొక్క మూసుకుపోతే మంట ఎందుకు పోతుందో, మా ఇంటి మిషన్ ఈ స్టవ్వుకు పెద్దన్న ఎలా అవుతుందో చెప్పాను. భయపడటం మరిచిపోయాను. గంట కొట్టాక వాళ్లే ఆపారు.

ఇంటికి వచ్చేసరికి అత్త చాల్ మెట్ల దగ్గరే కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి నోట్లో మెతుకు వేయలేదని పక్కింటావిడ చెప్పింది. దారంతా కూడబెట్టుకున్న మాటలు నాలిక చివర ఉన్నాయి.

“బండి మంచిగ నడిచిందా బిడ్డా?” అంది.

ఆమె మోకాళ్ల మీద చేతులు చూశాను. సిమెంటు తిన్న వేళ్లు, బొటనవేలి గోరు చుట్టూ ఇంకా నిన్నటి కుంకుమ.

“మంచిగ నడిచింది అత్తమ్మా,” అన్నాను.

ఉత్తరం నెలకు వచ్చింది. చదవడం రాని మా అత్త దాన్ని కళ్లకద్దుకుని మామ తాపీ పక్కన దాచింది.

మరుసటి దసరాకు పనిముట్ల వరసలో నా సుద్దముక్కల డబ్బా చేరింది. దానికి బొట్టు పెట్టి, అత్త గన్ను దగ్గరికి జరిగింది. ముద్ద కలపడం చూసి మా ఆయన నాకు కళ్లతో సైగలు చేశాడు.

“పోయినేడు దీనికి నిండుగ పెట్టిన గనకనే నీకు నౌకరీ వచ్చింది,” అంది అత్త, ఎటూ చూడకుండా.

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, జరిగిందంతా వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఆ ముద్ద లేకపోతే లాల్‌బాగ్‌లో ఆగేవాళ్లం కాదు. ఆగకపోతే మళ్లీ ఆ ముగ్గురి ముందు నదులు అప్పజెప్పబోయి నోరు ఎండిపోయేది. మా ఆయన ఇంకా సైగలు చేస్తూనే ఉన్నాడు.

నేను కుంకుమ భరిణె ఆమె దగ్గరికి జరిపి, ఇంకొంచెం పెట్టు అత్తమ్మా అన్నాను.