నాంపల్లి మిద్దె మీద గాలి చక్రం

మీ ఊరి పక్క గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారనీ, గాలి ఎక్కువైన రోజున ఆ హోరుకు మీ వీధిలో ఎవరికీ సరిగా నిద్ర పట్టడం లేదనీ మొన్న ఫోన్లో చెప్పారు కదా. చెప్పి, నీకిలాంటివి తెలియవులే అమ్మమ్మా అన్నారు. తెలుసు నాన్నా. నాకు తెలిసింది ఒక్క చక్రమే, మీ వాటి పక్కన పెడితే తిరనాళ్ళలో కొన్న బొమ్మంత. దాని కోసమే నేనొకసారి పొద్దుట్నుంచి దీపాలవేళ దాకా రైల్లో కూర్చుని బెజవాడ నుంచి నాంపల్లి వెళ్ళాను.

అప్పటికి రెండు రాష్ట్రాలూ కలిసి కొన్నేళ్ళయింది. మా చెల్లెలు, మీ చిన్నమ్మమ్మ కమల, పెళ్ళయి హైదరాబాదులో ఉండేది. మా మరిదికి లక్డీకాపూల్‌లో గుమాస్తా ఉద్యోగం. నాంపల్లిలో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నారు. కమలకు ఐదో నెల. అటునుంచి వచ్చిన తెలిసినవాళ్ళొకరు మా ఇంటికి వచ్చి, మీ చెల్లెలికి నిద్ర లేదమ్మా, పక్కింట్లో ఏదో చక్రం మోతట, అక్కను వచ్చి తీసుకుపొమ్మని చెప్పమంది అన్నారు. మా అమ్మ లేదు గనక కమలకు పుట్టిల్లంటే నేనే. కానీ ఏడో నెలలో రావలసిన పిల్ల ఐదో నెలలోనే వచ్చేస్తే, మొగుడితో పడలేదనే అంటారు నలుగురూ. పైగా తను వచ్చేస్తే మా మరిది వాటా ఖాళీ చేసి, స్నేహితుల గదిలో సర్దుకోవాలి. ఆ ఊళ్ళో మళ్ళీ ఇల్లు దొరకడం కష్టం.

"చూసి రా. తప్పదనుకుంటే తీసుకునే రా" అన్నారు మీ తాతయ్య.

పొద్దున్నే ఆరింటి పాసింజరు ఎక్కాను. మూడో తరగతి చెక్క బల్ల, కిటికీ పక్క. ఒడిలో పెరుగన్నం గిన్నె, కాళ్ళ దగ్గర తడిగుడ్డలో చుట్టిన గోరింటాకు. ఆషాఢమాసం కదా, మా పెరట్లో చెట్టు గుబురుగా ఉంటే చెల్లెలికని దూసుకొచ్చాను. కృష్ణ దాటి వచ్చే గాలి వెనకనుంచి బండిని తోస్తున్నట్టుండేది. బొగ్గు నుసి కంట్లో పడుతుందని కళ్ళు మూసుకుంటే నిద్ర, తెరిస్తే పచ్చటి చేలు. ఏది కలో ఏది ఊరో తెలియకుండానే ఖమ్మం వచ్చింది.

అక్కడ ఒకావిడ మామిడిపళ్ళ గంపతో ఎక్కి నా పక్కన సర్దుకుంది.

"ఏడికి పోతున్నవక్కా?"

"నాంపల్లి."

"నాంపల్లిల మా తమ్ముడుంటడు, టేషన్ గోడకానుకునే ఇల్లు. రాత్రంత బండ్ల సప్పుడే."

"మరి నిద్రెలా పడుతుంది?"

"మంచిగ పంటడు. ఏ దినమన్న బండి రాకుంటె గప్పుడు లేసి కూసుంటడు, ఏమైందో ఏమో అని" అని నవ్వి, ఒక పండు నా చేతిలో పెట్టింది.

కాజీపేటలో ఒంటిగంట దాటాక పెరుగన్నం తిన్నాను. సికింద్రాబాద్ వచ్చేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. సాగర్ నీళ్ళ పక్కనుంచి బండి మెల్లగా పోతుంటే అలలన్నీ ఒకే దిక్కుకు పరిగెడుతున్నాయి. నాంపల్లి స్టేషన్లో మా మరిది నిలబడి ఉన్నాడు. సైకిల్ రిక్షా ఎక్కాక, "వదినా, మీరే చూస్తారుగా" అని ఒక్క మాటన్నాడు, అంతే.

చూడటానికంటే ముందే విన్నాను. సందు మలుపులోనే "కిర్ర్ర్" అని సన్నటి సాగదీత, కాసేపాగి "ధబ్" అని ఒక దెబ్బ. తలెత్తితే పక్కింటి మిద్దె మీద ఇనుప స్తంభాల గోపురం, దాని కొసన రేకుల చక్రం, వెనక తోక. సాయంత్రపు ఆకాశంలో నల్లగా, నెమ్మదిగా తిరుగుతోంది. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. గాలే బావిలోంచి నీళ్ళు తోడి తొట్టిలో పోస్తుంటే ఎవరికి ముచ్చట కాదు? ఆ ఇంటాయన రాజన్నకు అబిడ్స్‌లో ఇనుప సామాన్ల దుకాణం. ఎక్కడో పాత తోటలో అమ్మకానికి వస్తే కొని, తనే నిలబెట్టించాడట.

నా ముచ్చట ఆ రాత్రి పడుకునేదాకానే. గాలి వీచినప్పుడు "కిర్ర్ర్, ధబ్". గాలి పడిపోతే ఆగుతుంది. హమ్మయ్య అనుకుని కళ్ళు మూస్తామా, మళ్ళీ దూరంగా వేపచెట్ల హోరు వినిపిస్తుంది. ఇంకేముంది, వస్తోందని ఒళ్ళు బిగబట్టుకుంటాం.

మర్నాడు పదింటికి, క్షేమంగా చేరానని మీ తాతయ్యకు కార్డు రాద్దామని కమలా నేనూ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నడిచి వెళ్ళాం. మీరెప్పుడైనా వెళ్తే ఆ దారిన నడిచే వెళ్ళండి. బట్టల కొట్లు, అద్దాల బీరువాలు, బస్సులు, రిక్షాల గంటలు, నలుగురు నాలుగు భాషల్లో బేరాలు. పోస్టాఫీసులో పైన పంకాలు, కౌంటర్ల వెనక టపటపా ముద్రలు కొట్టే చప్పుడు. నేను కార్డు రాసి తల తిప్పేసరికి కమల బెంచీ మీద, గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. అంత గోలలో. కళ్ళ కింద నల్లటి చారలు అప్పుడు బాగా కనిపించాయి. నేను లేపలేదు. పన్నెండు దాటేదాకా పక్కనే కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూశాను.

లేచాక అడిగాను, "ఇక్కడెలా పట్టిందే నిద్ర?"

"ఇక్కడ చప్పుడు ఆగదుగా అక్కా. అది ఆగుతుంది చూడు, అదే భయం. మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని నేనే దానికి కాపలా కాస్తున్నట్టుంటుంది. నన్ను తీసుకుపో."

"మీ ఆయన వాళ్ళతో మాట్లాడలేదూ?"

"ఒకసారి ఆఫీసుకు పోతూ గుమ్మంలో నిలబడి చెప్పారట. ఆ రాజన్న 'నా మిద్దె, నా చక్రం' అన్నాడట. అంతే, ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు."

ఇంటికి తిరిగొస్తుంటే ఆ ఇంటావిడ సత్తెమ్మగారు వాకిట్లో కనిపించారు. నేను ఆగి, చక్రం మాట ఎత్తకుండా, "ఊరినుంచి గోరింటాకు తెచ్చానండీ. రుబ్బడానికి మా చెల్లెలి వాటాలో రోలు లేదు" అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసి, "మైదాకా? మా ఇంట్ల రోలున్నది. ఎల్లుండి మూడు గొట్టంగ రాండ్రి" అన్నారు.

చెప్పిన రోజున మూడింటికి కమలను వెంటబెట్టుకుని వెళ్ళాను. సత్తెమ్మగారు ముందు చాయ్ ఇచ్చారు. వరండాలో నులకమంచం మీద ఆవిడ అత్తగారు కూర్చుని ఉంది. అవ్వకు చూపు మందం. నేను ఆకు రుబ్బి, కమల చేతులకు పెట్టాను, సత్తెమ్మగారి చేతులకు పెట్టాను. అవ్వ ముఖాన బొట్టు లేదు, అడగాలా వద్దా అని సందేహించాను.

అవ్వే అంది, "చేతులకొద్దు బిడ్డా. అరికాళ్ళకు పెట్టు. మంటలు. మైదాకు చలువ గద."

అవ్వ పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళ నిండా పట్టించాను. మిగిలింది నా ఎడమచేతికి పెట్టుకున్నాను. ఇక ఆరేదాకా నలుగురం కదలకుండా కూర్చోవాలి. మా పెరటి పచ్చి వాసన వరండా అంతా నిండింది.

అప్పుడు గాలి లేచింది. నేను పిలిచింది కాదు, ఆషాఢపు గాలి. "కిర్ర్ర్, ధబ్." కాసేపు ఊరుకుంది. ముచ్చట్లలో పడ్డాం. మళ్ళీ "ధబ్". సత్తెమ్మగారు మాట మధ్యలో ఆగి పైకి చూశారు. దాన్ని ఆపడానికి గోడ పక్కన ఒక ఇనుప తీగ వేలాడుతుంటుంది. రెండు చేతులతో గుంజి కొక్కేనికి తగిలిస్తే తోక ముడుచుకుని చక్రం ఆగుతుంది. ఆవిడ చేతులు రెండూ ఆకులో ఉన్నాయి.

"గిదింత మొత్తుకుంటదా?" అన్నారు నెమ్మదిగా. "పన్ల తిరుగుతుంటె నాకెన్నడు ఇనవడలే. రాత్రి మేము పండేది గా దిక్కు అర్రల."

"మా కమల పడుకునేది ఈ దిక్కునండీ" అన్నాను.

సత్తెమ్మగారు కమల మొహం చూశారు, పొట్ట చూశారు. "నువ్వు గింత చిక్కినవేంది చెల్లె? మీ ఆయన వచ్చి గడపల నిలబడి చెప్పి పోయిండు. కూసోలే, చాయ్ తాగలే. మా ఆయనకు గదే కోపం."

అవ్వ అప్పటిదాకా కళ్ళు మూసుకునే ఉంది. "నాకైతె మోట లెక్కనె ఉంటది బిడ్డా. మా అయ్య తెల్లారకముందు మోట తోలుతుండె. ఎడ్లు వెనకకొస్తుంటె గిలక గిట్లనె కిర్రుమంటుండె. గది ఇంటె నేను మళ్ళ ముడుచుకోని పంటుంటి. ఇప్పుడు గీ చక్రం తిరుగుతెనె నాకు రాత్రి కన్నంటుకుంటది."

చక్రం ఆపమని అడగాలనే నేను అక్కడికి వచ్చింది. ఒకరి నిద్ర తీసి ఒకరికివ్వమని ఎలా అడుగుతాం?

కమలే మాట్లాడింది. "ఉండనివ్వండి అవ్వా. నేను అక్కతో వెళ్ళిపోతాను."

"ఎన్నో నెల?"

"ఐదు."

"గిప్పుడేం పోతవే? నలుగురు నాలుగు మాటలంటరు." అవ్వ తన ఎర్రబారుతున్న అరికాళ్ళ వైపు చూపు తిప్పింది. అవి ఆవిడకు కనిపించాయో లేదో. "సత్తెమ్మా, దీపాలు పెట్టంగనె దాన్ని కట్టెయ్. కాన్పుకు పోయేదాక. నేను పగలు పంట."

"రాత్రి ఎట్ల అత్తా నీకు?"

"గీ పిల్ల వచ్చి కూసోని ముచ్చట్లు చెప్తది. ఏం పిల్లా, రావూ?"

సాయంత్రం రాజన్న దుకాణం నుంచి వచ్చేసరికి చక్రం ఆగి ఉంది. పైకి చూశాడు, తల్లి కాళ్ళు చూశాడు. "అమ్మా, గిదేంది?"

"చలువ రా" అంది అవ్వ.

ఆయన చెప్పులు విడిచి నా వైపు తిరిగి, "మీ మరిదికి చెప్పుండ్రి, ఇంట్లకొచ్చి కూసోమని. మేమేం పులులం కాదు, జర చాయ్ పోస్తం" అన్నాడు. మర్నాడు మా మరిది వెళ్ళి కూర్చున్నాడు. ఇనుము ధర గురించీ వాన గురించీ మాట్లాడుకున్నారట. చక్రం ఊసే రాలేదట.

నేను బయల్దేరే ముందు రోజు, దీపాలు పెట్టాక, కమల ఇంకా రాలేదేమని చూడటానికి వెళ్ళాను. అవ్వ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. కమల కింద కూర్చుని మా ఊరి కాలవలో పడవలు ఎలా పోయేవో చెబుతోంది. చెప్పే మాటలు మెల్లమెల్లగా తేలిపోయి, మధ్యలో ఆగిపోయాయి. చూస్తే మంచం పట్టెకు తల ఆనించి తనే నిద్రపోయింది, పండిన ఎర్రటి అరచేయి ఒకటి అవ్వ పాదం మీద. అవ్వ మాత్రం మేలుకునే ఉంది. నన్ను పోల్చుకుని, లేపొద్దని చెయ్యూపింది.

పొద్దున నాంపల్లి స్టేషన్లో బెజవాడకు ఒక్క టికెట్టే కొన్నాను. కమల ఏడో నెల వచ్చాకే, మేళతాళాలు లేకపోయినా పద్ధతిగా కాన్పుకు వచ్చింది. పుట్టింది ఆడపిల్ల, మీ సుజాత పిన్ని.

ఆ ఇల్లు ఇప్పుడు లేదంటారు. వెళ్ళినా మీకు చూపించడానికి చక్రం లేదు. మీ గుట్టల మీదివి తీగ గుంజితే ఆగేవి కావని నాకూ తెలుసు. అయినా ఆ మరల దగ్గర పనిచేసేవాళ్ళు మీ వీధికి వస్తే, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడకండి. లోపల కూర్చోబెట్టండి, గాలి లేచేదాకా.

ఆనాటి తిరుగు బండిలో కిటికీ పక్క నాకు చోటు దొరికింది. సాగర్ దాటాక చక్రాల మోత ఒక తీరున పడింది. కునుకు పడుతుండగా అనుకున్నాను, అవ్వ ఈ రాత్రి ఏం వింటూ పడుకుంటుందో అని. వరంగల్ దగ్గర సిగ్నల్ లేక బండి ఆగింది. చప్పుడు ఆగగానే పెట్టెలో అందరం ఒక్కసారే కళ్ళు తెరిచాం.